శవం దొరకని కేసులో ల్యాబు నివేదికే వేదవాక్కా?

శవం దొరకలేదన్న ఒక్క కారణంతో హత్య కేసు కొట్టేయక్కర్లేదని మన సుప్రీంకోర్టు 1981లోనే హిమాచల్ ప్రదేశ్ నుంచి వచ్చిన ఒక కేసులో స్పష్టం చేసింది. అది సరైన మాటే. శవాన్ని కాల్చి బూడిదను ఏట్లో కలిపేసినవాడికి ఆ పనే రక్షణ కవచం కాకూడదు. కానీ శవం లేనప్పుడు ప్రాసిక్యూషన్ నెత్తిన పడాల్సిన బరువు చాలాసార్లు చప్పుడు లేకుండా ల్యాబు నివేదిక మీదికి జారిపోతుంది. దాని గురించి మనం తగినంతగా ఆలోచించడం లేదు. శవం ఉంటే పోస్టుమార్టం ఉంటుంది. ఎప్పుడు పోయారు, ఎలా పోయారు, ఏ ఆయుధంతో పోయారన్నది ఎంతో కొంత తెలుస్తుంది. శవం లేకపోతే అసలు హత్య జరిగిందా అన్న మొదటి ప్రశ్నకే ఒక మరక జవాబు చెప్పాల్సి వస్తుంది. ఆ మరక రక్తమే కాకపోతే ఏమవుతుందో ఆస్ట్రేలియాలో ఒక తల్లి మూడేళ్లకు పైగా జైల్లో అనుభవించింది.

1980 ఆగస్టు 17 రాత్రి, ఆ దేశం నడిబొడ్డున ఎడారిలో ఉన్న ఉలురు కొండ దగ్గర, గుడారంలో పడుకోబెట్టిన తొమ్మిది వారాల పసిపాప అజారియా చాంబర్లేన్ మాయమైంది. పాపను డింగో ఎత్తుకుపోయిందని తల్లి లిండీ కేకలు పెట్టింది. డింగో అంటే అక్కడి అడవి కుక్క. జాడలు పట్టడంలో తరతరాల నేర్పున్న ఆదివాసీలు ఇసుకలో డింగో అడుగులను గుర్తించారు. వారం తర్వాత పాప వేసుకున్న జంప్‌సూట్ నెత్తుటి మరకలతో దొరికింది, పాప మాత్రం దొరకలేదు. 1981 ఫిబ్రవరిలో మొదటి కరోనర్ విచారణ, అంటే మరణానికి కారణం తేల్చే అధికారిక విచారణ, తల్లి మాటే నిజమంది. అక్కడితో ఆగాల్సింది. కానీ టీవీ కెమెరాల ముందు ఆ తల్లి కుమిలి కుమిలి ఏడవలేదని జనం అనుమానించారు. ఆ దంపతులది అడ్వెంటిస్టు క్రైస్తవ శాఖ, తండ్రి ఆ శాఖలో పాస్టర్. దాంతో పాపను బలి ఇచ్చారన్న పుకారు పుట్టింది. ఈ వాతావరణంలో పోలీసులు కేసును మళ్లీ తిరగదోడారు.

1982లో డార్విన్‌లో జరిగిన విచారణలో ప్రాసిక్యూషన్ దగ్గర శవం లేదు, ఆయుధం లేదు, చూసినవాళ్లు లేరు. కన్నతల్లి బిడ్డను ఎందుకు చంపుతుందన్న ప్రశ్నకు జవాబు చెప్పే ప్రయత్నం కూడా చేయలేదు. వాళ్ల కథ ఇది: భోజనాల వేళ లిండీ కొద్ది నిమిషాల పాటు పక్కకు వెళ్లి, కారు ముందు సీట్లో బిడ్డ గొంతు కోసి, శవాన్ని కెమెరా సంచిలో దాచి, ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చి కూర్చుంది. ఈ కథకు అడ్డు నిలిచిన మనుషులు లేకపోలేదు. లిండీ తిరిగొచ్చి పొయ్యి దగ్గర ఉన్నప్పుడు గుడారం వైపు నుంచి పసిపాప ఏడుపు విన్నానని అక్కడే బస చేసిన ఒక మహిళ చెప్పింది. ఆమెకు అబద్ధం చెప్పే అవసరం ఏమీ లేదు. అయినా ఆ ఏడుపు కన్నా కారు డ్యాష్‌బోర్డు కింద కనిపించిన చిమ్మినట్టున్న మరకే జూరీకి గట్టిగా వినిపించింది. అందులో ఉన్నది పసికందుల్లో మాత్రమే అధికంగా ఉండే ఫీటల్ హిమోగ్లోబిన్ అని ప్రభుత్వ ప్రయోగశాల జీవశాస్త్రజ్ఞురాలు చెప్పింది. జంప్‌సూట్‌ను కత్తెరతో కోశారని లండన్ నుంచి రప్పించిన నిపుణుడు చెప్పాడు. అక్టోబరు 29న లిండీకి యావజ్జీవ కారాగార శిక్ష పడింది. అప్పటికి ఆమె నిండు చూలాలు. మరుసటి నెలలో శిక్ష అనుభవిస్తూనే మరో ఆడపిల్లను కన్నది.

ఆ మరక సంగతి తర్వాత తేలింది. 1986లో నియమించిన మోర్లింగ్ రాయల్ కమిషన్ సాక్ష్యాలన్నీ మొదటి నుంచి తిరగేసింది. డ్యాష్‌బోర్డు కింద చిమ్మినట్టున్నది కారు తయారయ్యేటప్పుడు శబ్దం తగ్గించడానికి ఫ్యాక్టరీలో కొట్టే తారు లాంటి పూత. అదే మోడల్ కార్లు మరికొన్నింటిలోనూ అవే చుక్కలు ఉన్నాయి. ఫీటల్ రక్తమని తేల్చడానికి ల్యాబు వాడిన యాంటీసీరం అనే పరీక్ష ద్రవం పసిపిల్లల రక్తానికి మాత్రమే స్పందిస్తుందన్న నమ్మకం లేదు. రక్తం జాడ కోసం మొదట చేసే ప్రాథమిక పరీక్ష రాగి ధూళికి కూడా రంగు మారుతుంది. చాంబర్లేన్ దంపతులు ఉండేది మౌంట్ ఐసాలో, అది రాగి గనుల ఊరు. బట్టను కత్తెర కోసినట్టుగా కుక్కజాతి పళ్లు కూడా కోయగలవని తేలింది. ఇంత పెద్ద కేసు తీరా చూస్తే ఒక కార్ల ఫ్యాక్టరీ పూత మీద నిలబడిందన్నమాట. 1988 సెప్టెంబరులో లిండీ శిక్ష రద్దయింది. పాప మరణానికి డింగోయే కారణమని అధికారికంగా నమోదు కావడానికి 2012 జూన్ దాకా ఆగాల్సి వచ్చింది.

చివరికి న్యాయం జరిగింది కదా, వ్యవస్థ తన తప్పు తానే దిద్దుకుంది కదా అని కొందరంటారు. ఈ మాట ఒప్పుకోవడం కష్టం. ఫెడరల్ కోర్టు అప్పీలు కొట్టేసింది. 1984 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా హైకోర్టు, అంటే ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం, ముగ్గురు ఇద్దరుగా చీలి శిక్షను నిలబెట్టింది. వ్యవస్థలో పైకెళ్లే మెట్లు అక్కడితో అయిపోయాయి. లిండీని బయటికి తెచ్చింది కాకతాళీయం. 1986 ఫిబ్రవరి మొదట్లో, కొండ మీంచి పడి చనిపోయిన ఒక పర్యాటకుడి అవశేషాలు బయటపడ్డ చోట, డింగోల స్థావరాలకు దగ్గరలో పాప పైకోటు దొరికింది. బిడ్డకు ఆ కోటు వేశానని తల్లి మొదటి నుంచీ చెబుతోంది. జంప్‌సూట్ మీద డింగో లాలాజలం ఎందుకు లేదన్న ప్రశ్నకు ఆమె ఇచ్చిన జవాబే అది. ప్రాసిక్యూషన్ దాన్ని అబద్ధమంది. కోటు దొరికిన కొద్ది రోజులకే, ఫిబ్రవరి 7న, ఆమెను విడుదల చేశారు. మరో మనిషి చావు దారి చూపిస్తే తప్ప కదలని దిద్దుబాటును వ్యవస్థ గొప్పతనంగా ఎలా లెక్కేస్తాం?

ఇంకా బలమైన అభ్యంతరం మరొకటి ఉంది. డిఫెన్సు తరఫున కూడా నిపుణుడు వచ్చాడు, ఆ రక్తపరీక్ష నమ్మదగింది కాదని కోర్టులోనే చెప్పాడు, జూరీ ఇరుపక్షాలూ విన్నాకే నిర్ణయించింది, ఇక లోపమెక్కడ? ఆయన వచ్చిన మాట నిజం. కానీ ఆయన పరిశీలించడానికి ఆ పరీక్ష ఫలితాలున్న ప్లేట్లు లేవు. ల్యాబు వాటిని పారేసింది, అది తమ మామూలు పద్ధతేనని చెప్పింది. నా దృష్టిలో ఈ కేసు మొత్తంలో అన్నిటికన్నా పెద్ద అన్యాయం అదే. నిపుణులు పొరపడతారు, అది మానవ సహజం. ఆ పొరపాటును ఎదుటివాడు పట్టుకునే వీలు లేకుండా చేసినప్పుడు మిగిలేది ఇద్దరు చదువుకున్నవాళ్ల వాదులాట. అందులో సర్కారు ముద్ర ఉన్న మాట వైపే తక్కెడ మొగ్గుతుంది. ఇప్పుడు డీఎన్‌ఏ ఉంది కదా అనేవాళ్లూ ఉన్నారు. డీఎన్‌ఏ ఆ జాడ ఎవరిదో చెబుతుంది. అది అక్కడికి ఎలా చేరిందో, ఎప్పుడు చేరిందో చెప్పదు. సొంత కుటుంబం కారులో సొంత బిడ్డ జాడ దొరికితే అది దేనికి రుజువు?

మన దగ్గర ఈ సంగతి ఇప్పుడే మాట్లాడుకోవాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176వ సెక్షన్ ప్రకారం ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లి తీరాలి. రాష్ట్రాలకు ఇందుకు ఐదేళ్ల గడువు ఉంది. మంచి మార్పే. కానీ అదే చట్టంలో 329వ సెక్షన్, పాత సీఆర్‌పీసీ 293కి కొనసాగింపుగా, ప్రభుత్వ నిపుణుడి నివేదికను ఆయన బోనెక్కకుండానే సాక్ష్యంగా వాడుకోనిస్తుంది. ఆయన్ని పిలిపించాలా వద్దా అన్నది కోర్టు ఇష్టం. చిన్నా చితకా కేసుల్లో దీనివల్ల కాలం కలిసొస్తుంది, కాదనను. శవమే లేని హత్య కేసులో మాత్రం ఈ వెసులుబాటు ఉండకూడదు. నిపుణుడు బోనెక్కి తీరాలి. నమూనాలో కొంత భాగాన్ని, పరీక్ష చేసిన ప్లేట్లను, ఫొటోలను, రాసుకున్న నోట్సును చివరి అప్పీలు తేలేదాకా భద్రపరచాలి. డిఫెన్సు అడిగితే మరో ల్యాబులో తిరిగి పరీక్ష చేయించుకోనివ్వాలి. ల్యాబుల్లో చోటు లేదు, సిబ్బంది చాలరు అంటారేమో. శవం దొరకని హత్య కేసులు ఏ జిల్లాలోనైనా ఎన్నో ఉండవు. వాటి నమూనాలకు కావలసింది ఒక ఫ్రిజ్, ఒక రిజిస్టరు, వాటికి జవాబుదారీగా ఉండే ఒక అధికారి.