గుక్క తిరిగేదాకా

ద్వారకా తిరుమల కొండ మీద తలనీలాలు తీసే చోట ఏ రోజు వెళ్ళినా ఓ పసిబిడ్డ ఏడుపు వినిపిస్తుంది. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి, పుట్టువెంట్రుకలు తడిపి, కత్తి ఆనించగానే బిడ్డ గుక్కపట్టి అందుకుంటుంది. కాళ్ళు తన్నుకుంటుంది, వెనక్కి విరుచుకుపడుతుంది, అమ్మ మీదికి దూకబోతుంది. అక్కడున్న వాళ్ళెవరూ ఆ బిడ్డను మొండిఘటం అనరు. "అయిపోయిందమ్మా, అయిపోయింది" అంటారు. కత్తి పట్టినాయన ఓ క్షణం చెయ్యి ఆపుతాడు. తమ వంతు కోసం కూర్చున్న ముక్కూ ముఖం తెలియనివాళ్ళు కూడా గిలక్కాయ ఆడిస్తారు. చివరికి నున్నటి గుండుకు గంధం రాసి చేతులు మార్చుకుంటూ ముద్దాడతారు.

అదే బిడ్డ రెండేళ్ళు పోయాక రాజమండ్రి మెయిన్ రోడ్డులో బట్టల కొట్టు ముందు కింద పడి దొర్లిందనుకోండి. అవే కాళ్ళు, అదే గొంతు, అదే గుక్క. ఈసారి మాత్రం తల్లి ముఖం సిగ్గుతో ఎర్రబడుతుంది. తండ్రి నాలుగడుగులు ముందుకు వెళ్ళి నిలబడతాడు. దారిన పోయే పెద్దావిడ "మరీ గారాబం చేసేశారు, ఒక్కటేస్తే సరి" అని ఉచితంగా ఓ సలహా పడేసి పోతుంది. మొదటి ఏడుపుకు కారణం మన కళ్ళెదుట మెరుస్తోంది. రెండోదానికి కనబడటం లేదు. మన మనసు ఒకచోట కరిగి, ఇంకోచోట బిగుసుకుపోవడానికి అంతకు మించిన తేడా ఏమీ లేదు.

కారణం కనబడకపోతే లేదనుకుంటాం. చాలాసార్లు అది అరగంట ముందో, గంట ముందో జరిగిపోయి ఉంటుంది. మన గోదావరి జిల్లాల్లో మే నెల పెళ్ళిళ్ళు తలచుకుంటే చాలు. రోహిణీ కార్తె ఉక్కపోతలో మూడేళ్ళ పిల్లకు పట్టులంగా, జడగంటలు, మెడకు కోసుకుపోయే జరీ అంచు. పొద్దుటి నుంచీ నలభై చేతులు బుగ్గలు పుణికి ఉంటాయి. వీడియో లైటు కళ్ళలో కొడుతుంది. మధ్యాహ్నం నిద్ర లేదు. మొదటి పంక్తిలో చోటు దొరకలేదు. అప్పుడెవరో ఆ పిల్ల చేతిలోని తాపేశ్వరం కాజా తీసుకుని, ముక్క విరిచి ఇంకో పిల్లవాడికిస్తారు. పందిరి అదిరేలా ఏడుపు మొదలవుతుంది. "కాజా ముక్క కోసం ఇంత రాద్ధాంతమా" అంటారంతా. కాజా ముక్కదేముంది, అది ఆఖరున వచ్చింది. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్లోరెన్స్ గుడినఫ్ చిన్నపిల్లల కోపం మీద 1931లోనే ఓ పుస్తకం వేశారు. తల్లులు ఇళ్ళలో రోజువారీ రాసిపెట్టిన వివరాలే ఆమెకు ఆధారం. ఆకలి వేళ దగ్గరపడినప్పుడు, అలసినప్పుడు, ఒంట్లో నలతగా ఉన్నప్పుడు పిల్లలు ఇలా విరుచుకుపడటం ఎక్కువని ఆమె చూపించారు. మన ముసలమ్మలు "పిల్ల నిద్రకొచ్చింది, అందుకే ఆ పేచీ" అన్న మాటా అదే.

భాగవతం విన్న ఊళ్ళు మనవి. చిన్నికృష్ణుడు చల్లకుండ పగలగొట్టిన ఘట్టం తెలియని ఇల్లు డెల్టాలో ఉండదు. ఆ అల్లరికి ముందు ఏం జరిగిందో మాత్రం మనం అంతగా చెప్పుకోం. యశోద చల్ల చిలుకుతూ మధ్యలో ఆపి బిడ్డకు పాలిస్తోంది. పొయ్యి మీద పాలు పొంగుతుంటే, కడుపు నిండని బిడ్డను దింపేసి పరుగెత్తింది. ఆమె తప్పు లేదు, పాలు పొంగితే ఏ ఇల్లాలైనా పరుగెత్తాల్సిందే. బిడ్డ తప్పూ లేదు, సగం కడుపుతో ఒళ్ళోంచి జారిపోయాడు. రాయి తీసుకుని కుండ మీద వేశాడు. తరవాత ఆమె కర్ర పట్టుకుని వెంటపడుతుంది. దొరికిన బిడ్డ కళ్ళలో భయం చూడగానే ఆ కర్ర పారేస్తుంది. తల్లి అలసటను, బిడ్డ ఉక్రోషాన్ని పక్కపక్కనే నిలబెట్టి, ఏ ఒక్కరినీ దోషిని చేయకుండా చెప్పిన తీరు ఈ కథలో మాకు ఎంతో విలువైనదిగా కనిపిస్తుంది.

ఏడుపు లోపల ఏం జరుగుతుందో చూడటానికి మైకేల్ పొటెగల్, రిచర్డ్ డేవిడ్‌సన్ అనే శాస్త్రవేత్తలు ఏడాదిన్నర నుంచి అయిదేళ్ళ మధ్య పిల్లలున్న మూడు వందలకు పైగా కుటుంబాల కథనాలు సేకరించి 2003లో ప్రచురించారు. ఇంట్లో ఉన్నవాళ్ళకు గంటసేపు అనిపించే ఆ రభసల్లో నాలుగింట మూడు వంతులు అయిదు నిమిషాల లోపే ముగిసిపోతున్నాయని తేలింది. వాళ్ళు గమనించింది ఇంకొకటి ఉంది. పైకి ఒకే గోలగా వినిపించే దానిలో రెండు పాయలున్నాయి. ఒకటి కోపం: అరవడం, తన్నడం, విసరడం. అది ఇట్టే లేచి ఇట్టే దిగుతుంది. రెండోది దుఃఖం: వెక్కిళ్ళు, కూలబడటం, ఎత్తుకోమని చేతులు చాపడం. అది మొదటి నుంచీ ఉండి, కోపం దిగాక కూడా నిలుస్తుంది. ఇది తెలిస్తే చెయ్యాల్సిన పనీ చాలావరకు తెలుస్తుంది. కోపం లేచి ఉన్నంతసేపూ ప్రశ్నలు, బుజ్జగింపులు, బేరాలు, నీతులు ఏవీ లోపలికి వెళ్ళవు. తలుపు మీదా బల్లల మూలల మీదా తల కొట్టుకోకుండా అడ్డుగా కూర్చోవడమే అప్పటి పని. మాట తగ్గించాలి, గొంతు తగ్గించాలి. చేతులు చాపిన నిమిషం మాత్రం పోగొట్టుకోకూడదు. చాలా ఇళ్ళలో సరిగ్గా ఆ నిమిషానికే పెద్దవాళ్ళ కోపం తారస్థాయికి వస్తుంది. "ఇందాక నన్ను కొట్టావుగా, ఇప్పుడు అమ్మ కావాలా, పో" అని తోసేస్తారు. పిల్ల మళ్ళీ మొదటికి వస్తుంది.

డెల్టా ఇళ్ళలో దీనికి తోడు మరో ఇబ్బంది ఉంది. అరుగు మీద తాతగారు, వసారాలో నాయనమ్మ, పెరట్లో పిన్ని, పక్కింటి అత్తయ్యగారు ఎవరో ఒకరు ఎప్పుడూ ఉంటారు. పిల్లలకు అంతటి భాగ్యం ఇంకోటి లేదు. పిల్ల ఏడుపు అందుకున్నప్పుడు మాత్రం నలుగురూ నాలుగు దిక్కుల నుంచి వస్తారు. తాతగారు "ఎవరే నా బంగారాన్ని కొట్టింది" అని తల్లిని గదమాయిస్తారు. పిన్ని చాక్లెట్ పెడుతుంది. పక్కింటావిడ "అదిగో బూచోడు" అంటుంది. తండ్రి ఫోన్లో బొమ్మలు పెట్టి చేతికిస్తాడు. ఒక్కొక్కరిదీ ప్రేమే. పిల్లకు మాత్రం ఒకే నిమిషంలో ఓదార్పు, లంచం, బెదిరింపు, మురిపెం కలగలిసి వస్తున్నాయి. ఆ సమయంలో ఆమెకు కావలసింది ఒక్కరు. ఎవరి దగ్గర తొందరగా ఊరుకుంటుందో వాళ్ళు మిగలాలి, తక్కినవాళ్ళు మాట్లాడకుండా పక్కకు తప్పుకోవాలి. ఆ ఒక్కరు అలసిపోతే చెయ్యి అందుకోవడానికి మరొకరు ఉండాలి. ఉమ్మడి ఇంటి అసలు బలం అక్కడ ఉంది. మనవాళ్ళు అనాదిగా చేసే పనొకటి చాలా మంచిది: ఏడ్చే పిల్లను చంకనేసుకుని జనం లేని పెరట్లోకి వెళ్ళిపోవడం. కొబ్బరిచెట్టు మీది ఉడతనో, దూడనో, కాలవలో పోయే గుర్రపుడెక్కనో చూపిస్తూ, ఏమీ అడగకుండా తిరగడం.

ఫోను సంగతి కొంచెం గట్టిగానే చెప్పాలి. రెండేళ్ళ లోపు పిల్లలకు తెర అసలు చూపొద్దని, అయిదేళ్ళ వరకు రోజుకు గంట మించనివ్వొద్దని భారత పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. ఏడుపు ఆపడానికి తరచూ ఫోనిచ్చే ఇళ్ళలో మూడు నుంచి అయిదేళ్ళ పిల్లల ఉద్రేకాలు, ముఖ్యంగా మగపిల్లల్లో, పెరుగుతున్న తీరును మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో వెల్లడించారు. ఫోనుతో ఇంకో పనీ చేస్తున్నారు. ఏడుస్తున్న బిడ్డను వీడియో తీసి, నవ్వుతూ, చుట్టాల వాట్సప్ గుంపుల్లో పెడుతున్నారు. తనకు ఊపిరాడనంత దుఃఖంగా ఉన్న వేళ తను నమ్ముకున్న మనుషులు చుట్టూ చేరి నవ్వితే ఆ బిడ్డ ఎక్కడికి పోవాలి? దయచేసి ఆ పని మానేయండి.

ఏడుపు ఊపిరి దాకా వచ్చే సందర్భం వేరు. కొంతమంది పిల్లలు గుక్కపట్టి, ఊపిరి బిగబట్టి, పెదాలు నీలమెక్కి కొన్ని క్షణాలు స్పృహ తప్పుతారు. ఆరు నెలల నుంచి ఆరేళ్ళ లోపు పిల్లల్లో కనిపించే ఈ గుక్క చాలావరకు నిమిషంలోపే తిరుగుతుంది. పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. కుదపకూడదు, నోట్లో నీళ్ళు పోయకూడదు. దిష్టి తీసి ఊరుకోకుండా తప్పనిసరిగా వైద్యుడికి చూపించాలి. రక్తంలో ఇనుము తక్కువైన పిల్లల్లో ఇది ఎక్కువగా వస్తుందని, ఇనుము మందు వాడితే చాలామందిలో తగ్గుతుందని వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో అయిదేళ్ళ లోపు పిల్లల్లో 63 శాతానికి రక్తహీనత ఉంది. ఇంత పచ్చని నేల మీద ఈ అంకె మనసును కలిచివేస్తుంది. ఆరు నెలలు నిండిన పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు చొప్పున ఇనుము సిరప్ ఇవ్వాలని ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. ఆశా కార్యకర్తను అడగండి. అయిదేళ్ళు దాటాక కూడా పేచీలు తగ్గకపోయినా, తనను తాను గాయపరచుకుంటున్నా, వయసుకు తగ్గ మాటలు రాకపోయినా పిల్లల వైద్యుడి దగ్గరికి వెళ్ళడానికి మొహమాటపడొద్దు.

చెయ్యి చేసుకోవడం గురించి మన గోదావరి ఒడ్డున ఎప్పుడో ఆలోచన మొదలైంది. కొంతకాలం రాజమండ్రిలో ఉపాధ్యాయుడిగా పనిచేసి, తరవాత పాఠశాలల తనిఖీ అధికారిగా ఊళ్ళు తిరిగిన చలం, 'బిడ్డల శిక్షణ' రాసి కొట్టడాన్నీ భయపెట్టడాన్నీ నిలదీశాడు. ఆయన తక్కిన రాతలతో గొడవపడిన ఇళ్ళు కూడా ఆ పుస్తకాన్ని దాచుకుని చదువుకున్నాయి. ఆయన స్నేహితుడు, 1891లో అప్పటి గోదావరి జిల్లా దంగేరులో పుట్టిన చింతా దీక్షితులు, 'సూరి సీతి వెంకి' వంటి కథల్లో పిల్లల లోకాన్ని పిల్లల ఎత్తున కూర్చుని చూశారు. బడిలో పిల్లవాణ్ణి కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. ఇంటి గడప లోపల ఆ నిషేధం మనమే పెట్టుకోవాలి.

కొట్టొద్దంటే అడిగిందల్లా ఇమ్మని కాదు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో నాలుగో బూర కావాలని పిల్లవాడు దొర్లితే, "వద్దు నాన్నా" అన్న మాట మీద నిలబడవచ్చు. దొర్లినంత మాత్రాన కొనకపోవడం, దొర్లినందుకు కొట్టకపోవడం రెండూ ఒకే మనిషి చెయ్యగలిగిన పనులు. కొంటే రేపు మళ్ళీ దొర్లుతాడు. కొడితే రేపు దొర్లడం మానేసి, మన ముందు ఏడవడమే మానేస్తాడు.

ఇంతా చెప్పాక మా మనసు ఆగిపోయేది ఓ ప్రత్యేకమైన ఏడుపు దగ్గర. రాజోలు, మలికిపురం, నరసాపురం వైపు ఊళ్ళలో తల్లి కువైట్లోనో మస్కట్లోనో ఇంటిపనికి వెళితే అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలున్నారు. ఇంటిపనికి వెళ్ళే స్త్రీకి 30 ఏళ్ళు నిండాలని ప్రభుత్వ నిబంధన, అంటే వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది తల్లులే. అక్కడ పని ముగించుకుని రాత్రి తొమ్మిదికి ఆమె వీడియో కాల్ చేస్తే కువైట్ కన్నా రెండున్నర గంటలు ముందుండే మన దగ్గర పదకొండున్నర. నిద్రలోంచి లేపిన పిల్ల తెర మీద అమ్మను చూస్తుంది, నవ్వుతుంది, చెయ్యి పెట్టి తడుముతుంది. ఫోను పెట్టేయగానే ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తుంది. కొందరు పిల్లలు అమ్మ ముఖం కనబడగానే ఫోను విసిరికొడతారు, మాట్లాడనంటారు. అమ్మమ్మ "మీ అమ్మ నీకోసమేగా అంత కష్టపడేది" అని చివాట్లు పెడుతుంది. అవతల తల్లి తన గదిలో ఒంటరిగా ఏడుస్తుంది. బిడ్డ తనను మరిచిపోయిందని అనుకుంటుంది. మరిచిపోయిన బిడ్డ ఫోను విసరదు. అలిగే హక్కు తన దగ్గర ఇంకా ఉందని అనుకునే బిడ్డే విసురుతుంది. ఈ మాట ఆ తల్లికి ఎవరైనా చెప్పాలి.

ఆ ఇళ్ళలో కొన్ని చిన్న సర్దుబాట్లు సాధ్యమే. యజమానులు అనుమతించిన రోజున వీలైనంత ముందు వేళకు, బిడ్డ అన్నం తిని మెలకువగా ఉన్నప్పుడు ఫోను వచ్చేలా చూసుకోవచ్చు. కాల్ అయ్యాక వెంటనే పడుకోబెట్టకుండా అమ్మమ్మ కాసేపు ఒళ్ళో ఉంచుకోవచ్చు. "అమ్మ కావాలని ఉంది కదూ, నాకూ ఉందే" అనవచ్చు. ఆ మాట ఏడుపును పెంచదు. అమ్మమ్మకు కూడా అరవై ఏళ్ళ మోకాళ్ళున్నాయి, కూతురి మీద బెంగ ఉంది. అంగన్‌వాడీల్లో తల్లులతో జరిపే సమావేశాలకు ఈ ప్రాంతంలో అమ్మమ్మల్నీ నాయనమ్మల్నీ పేరుపెట్టి పిలవాలి. బాలామృతం పొట్లంతో పాటు, నిన్న రాత్రి పిల్ల ఎందుకు ఏడ్చిందో చెప్పుకోవడానికి వాళ్ళకు ఓ అరగంట ఇవ్వాలి. కోనసీమలో, నరసాపురం చుట్టుపక్కల మండలాల్లో ఐసీడీఎస్ అధికారులు దీన్ని వచ్చే నెల నుంచే మొదలుపెట్టవచ్చు. కొత్త జీవో కోసం ఎదురుచూడనక్కర్లేదు.