దొంగ ఏ దేశపోడని అడుగుడు ఇగ బంద్ చేద్దాం

పోస్టు జర పొడుగుంటది. బస్సులో సైటుకు పోయేటప్పుడో, రాత్రి మెస్సులో తిన్నంకనో చదవండి. మధ్యలో కోపం వస్తది, వచ్చినా ఆఖరిదాక చదివి అప్పుడు తిట్టండి.

సంగతేందంటే, మేముండే క్యాంపులో రెండు నెలల సంది ఫోన్లు పోతున్నయి. సోనాపూర్‌లో ఉండేటోళ్లకు ఇది కొత్త ముచ్చట కాదు. రాత్రి ఛార్జింగ్ పెట్టి పండుకుంటం, పొద్దుగాల నాలుగింటికి లేచేసరికి వైరు ఉంటది, ఫోను ఉండదు. ఫోను అంటే మనకు వట్టి ఫోను కాదు. పిల్లల ముఖం అండ్లనే, జీతం పడ్డ మెసేజ్ అండ్లనే, ఇంటికి పైసలు పంపే యాప్ అండ్లనే. అట్ల మా ఒక్క బ్లాకులోనే ఆరు ఫోన్లు పోయినయి. పోలీసులకు ఎన్ని ఫిర్యాదులు పోయినయో తెలుసా? ఒక్కటి కూడా పోలే. మన తెలుగు గ్రూపులో మాత్రం మెసేజులు వందలు పడ్డయి.

ఆ వందల మెసేజుల్లో ఉన్నది ఒకటే మాట. "ఇది బెంగాలీల పనే" అని ఒకడు, "కాదు, పక్క బ్లాకు పఠాన్ల పని" అని ఇంకొకడు. కండ్లతో చూసినోడు ఒక్కడు లేడు. చూడకుండానే అందరం తీర్పు చెప్పేసినం.

మూడో అంతస్తులో బాత్రూములు కడిగే బంగ్లాదేశ్ పిలగాడు ఒకడున్నడు. ఇరవై ఏండ్లు దాటినయో లేదో. మా రూముల దిక్కు రెండుసార్లు కనబడ్డడని మనోళ్లు నలుగురు వాన్ని పట్టుకున్నరు. జేబులు వెతికిన్రు, రెండు దెబ్బలు కొట్టిన్రు, ఫోటో తీసి "దొంగ, జాగ్రత్త" అని గ్రూపులో పెట్టిన్రు. మేము అక్కడనే ఉన్నం. సైటులో ముప్పై మంది మా మాట వింటరు, ఆ రోజు ఆ నలుగురికి ఒక్క మాట చెప్పలేకపోయినం. ఎందుకచ్చిన లొల్లి అని తలుపు పెట్టుకున్నం.

పదిహేను రోజులకు ఫోన్లు దొరికినయి. ఎక్కడ? మన బ్లాకులనే, మన తెలుగోని మంచం కింద, బియ్యం సంచి వెనుక. ఆన్‌లైన్ బెట్టింగ్‌లో మూడు నెలల జీతం పోగొట్టుకున్నడు, అప్పు ఇచ్చినోళ్లు మీద పడ్డరు, ఫోన్లు ఎత్తుకపోయి అమ్ముడు మొదలుపెట్టిండు. అప్పుడు గ్రూపులో మెసేజులెన్ని? నాలుగు. "పోనియ్ తమ్మీ, మనోడే కదా, బయటికి తెలిస్తే తెలుగోళ్ల ఇజ్జత్ పోతది."

బంగ్లా పిలగాడయితే ఫోటో, మనోడయితే పరువు. ఇదేం న్యాయం అన్నా?

2025 ఏప్రిల్‌లో ఏమయిందో మీకందరికీ యాదికుండాలె. దుబాయ్‌లో ఒక బేకరీలో పనిచేసే మన నిర్మల్, నిజామాబాద్ జిల్లాలోళ్లు ఇద్దరు హత్యకు గురయిన్రు. అరెస్టయినోడు తోటి పనివాడు, పాకిస్తాన్‌వాడు. మన గుండె మండింది, మండాలె కూడా. కానీ ఆ వారమంతా మన గ్రూపుల్లో పాకిస్తానోళ్లందర్నీ కలిపి తిట్టినరు. మాతోని పదేండ్లుగా ఒకే స్కాఫోల్డింగ్ మీద పనిచేసే పెషావర్ మేస్త్రీ ఒకాయన ఉన్నడు. ఆ రోజుల్లో ఆయన మెస్సులో మన దిక్కు చూడకుండ తిని లేచిపోయిండు. ఆయనేం తప్పు చేసిండు?

ఇంకొక ముచ్చట కూడా యాది చేసుకుందాం. 2005లో దుబాయ్‌లో ఒక నేపాలీ వాచ్‌మన్ హత్య కేసులో మన సిరిసిల్ల దిక్కు ఐదుగురికి శిక్ష పడ్డది. ఏండ్లకేండ్లు జైల్లో ఉండి, ఆఖరుకు విడుదలయ్యి ఇండ్లకు చేరిన్రు. వాళ్ల కోసం మన నాయకులు నేపాల్ దాక పోయి, చనిపోయినాయన కుటుంబాన్ని బతిమిలాడిన్రు. ఆ కుటుంబం క్షమిస్తున్నమని రాసిచ్చింది. ఆ ఇల్లు మన తెలంగాణోళ్లందర్నీ హంతకులని అనుకుంటే మన తమ్ముళ్లు బయటపడుతుండెనా? పేద నేపాలీ ఇల్లు చూపిన మనసులో పావు వంతు మనం చూపుతలేం.

తప్పు చేసేటోనికి దేశం ఉండదు. అవసరం ఉంటది, ఆశ ఉంటది, అలవాటు ఉంటది. పక్కదేశపోని దిక్కు వేలు చూపే పనిలో పడి మన రూములో జరిగేది చూస్తలేం. ఫోన్ల దొంగతనం కంటే పెద్ద ముచ్చట ఇప్పుడు చెప్తం.

మా సైటులో జగిత్యాల దిక్కు పిలగాడు ఒకడు షట్టరింగ్ హెల్పర్‌గా చేసేటోడు. ఇరవై మూడేండ్లు. ఏజెంటుకు లక్షా ఇరవై వేలు కట్టి వచ్చిండు, అదంతా మూడు రూపాల మిత్తికి తెచ్చిన అప్పు. మన తెలుగాయన ఒకడు వచ్చి "తమ్మీ, నీ బతాకా మీద బ్యాంకు ఖాతా తెరిచి కార్డు, సిమ్ము నాకియ్యి, నెలకు 300 దిర్హాంలు ఇస్త, నీకేం కాదు" అన్నడు. 300 అంటే మన రూపాయల్లో ఏడు వేలకు దగ్గర. ఇంటి మిత్తి ఎల్లిపోతదని పిలగాడు ఇచ్చిండు.

ఆ ఖాతాలోకి ఏం వచ్చిందంటే, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నమని ఫోన్ చేసి, ఓటీపీ అడిగి, ఎవరిదో కష్టం దోచిన పైసలు. పోగొట్టుకున్నోడు కూడా మనసొంటి కూలోడే కావచ్చు. పోలీసులు ఎవర్ని పట్టుకుంటరు? ఫోన్ చేసినోడు దొరకడు, పైసలు తీసినోడు దొరకడు. ఖాతా ఎవరి పేరు మీదుందో వాడు దొరుకుతడు. సిమ్ము ఎవరి బతాకా మీదుందో వాడు దొరుకుతడు.

పోలీసులు వచ్చిన పొద్దు మేము స్లాబ్ పోస్తున్నం. పంపు నడుస్తుంది. పిలగాడు చేతులకు కాంక్రీట్ ఉండంగనే వాళ్ల వెంట పోయిండు. కార్డు తీసుకున్న అన్న నంబరు అదే రోజు స్విచ్చాఫ్. మూడు రోజులకు పిలగాని తల్లి మాకు ఫోన్ చేసింది. "సారూ, మా వోడు ఫోన్ ఎత్తుతలేడు, పని ఎక్కువున్నదా?" అని అడిగింది. ఏం చెప్పాలె? పని ఎక్కువుందనే చెప్పినం. ఆ అబద్ధం ఇంకా గొంతులనే ఉన్నది.

ఇండ్ల అన్నిటికంటే సిగ్గు ముచ్చట ఏందంటే, వాడు కార్డు ఇచ్చిన సంగతి రూములో సగం మందికి ముందుగాల్నే తెలుసు. అదే అన్నకు ఇంకా ముగ్గురు ఇచ్చిన్రని కూడా తెలుసు. ఎవ్వడూ నోరు తెరవలే. ఎందుకు? వాడు బెంగాలీ కాదు, పఠాన్ కాదు. మన భాషోడు, మన దిక్కోడు, కలిస్తే "తమ్మీ తిన్నవా" అని అడిగేటోడు. తమ్మీ అని పిలిచి ముంచినోడు పరాయోడు ఎట్ల కాడు? మాకయితే వాని కంటే బాత్రూములు కడిగే పిలగాడే దగ్గరోడు.

"పోలీసుల దగ్గరికి పోతే మనల్నే లోపలేస్తరు" అని చాలామంది అంటరు. "కంపెనీ క్యాన్సిల్ చేసి ఇంటికి పంపుతది" అంటరు. భయం ఉత్తగనే రాలే, ఆ సంగతి మాకూ ఎరుకే. ఖల్లివెల్లి ఉన్నోని భయం వేరు, కాయితాలు లేనోన్ని మేము తప్పు పట్టం. కానీ బతాకా జేబులో పెట్టుకొని తిరిగే మనకేమయింది? దుబాయ్ పోలీసులకు అత్యవసరం కాని పనికి 901 ఉన్నది, ప్రాణం మీదికొస్తే 999 ఉన్నది. మనదేశం కాన్సులేట్ తరఫున ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉన్నది, నంబరు 800 46342, పైసలు పడవు. ఈ మూడు నంబర్లు మన ఫోన్లలో ఉన్నయా? బెట్టింగ్ యాప్ మాత్రం ప్రతి రూములో ఉన్నది.

ఇంకో మాట. గ్రూపులో ఫోటో పెట్టి "దొంగ" అని రాసుడు మజాక్ కాదు. ఈ దేశంలో 2021లో తెచ్చిన సైబర్ చట్టం ప్రకారం మనిషి ఒప్పుకోకుండ ఫోటో తీసి పంచితే తక్కువల తక్కువ ఆరు నెలల జైలు, 1,50,000 నుంచి 5,00,000 దిర్హాంల దాక జరిమానా, ఈ రెండిట్లో ఒకటైనా, రెండూ అయినా పడొచ్చు. నెలకు 1,200 తెచ్చుకునే హెల్పర్‌కు లక్షన్నర అంటే పదేండ్లకు పైన కష్టం. ఆ పిలగాడు పోయి కేసు పెడితే మన నలుగురి బతుకు ఏమయితుండె? వాడు పెట్టలేదు కాబట్టి మనం పండుకుంటున్నం.

కంపెనీల తప్పు లేదా అంటే ఉన్నది. మంచానికో తాళం పెట్టె ఇయ్యరు, కెమెరా గేటు కాడనే ఉంటది, ఏం అడిగినా క్యాంప్ బాస్ "బాద్ మే" అంటడు. సంఘాల పెద్దలు పండుగకు వచ్చి దుప్పట్లు పంచి, ఫోటో దిగి పోతరు. అయ్యా, మాకు దుప్పట్లు ఉన్నయి. ఒక్క ఆదివారం చట్టం తెలిసినోన్ని తీసుకొచ్చి, కార్డు ఇస్తే ఏమయితదో, సిమ్ము ఇస్తే ఏమయితదో తెలుగులో గంటసేపు చెప్పించండి. అది చేస్తే దండ మేమే వేస్తం. కానీ వాళ్లు చేసేదాక మనం చేతులు కట్టుకొని కూసుంటే, వాళ్లకు మనకు తేడా ఏమున్నది?

మా అంతస్తులో మేము కొన్ని మాటలు అనుకున్నం. బతాకా, కార్డు, సిమ్ము సొంత తమ్మునికి కూడా ఇయ్యొద్దు. ఎవడన్న అడిగిండని తెలిస్తే అదే రోజు నలుగురికి చెప్పాలె. ఇప్పటికే ఇచ్చినోడు ఉంటే సిగ్గుపడకుండ రేపే బ్యాంకుకు పోయి కార్డు బంద్ చేయించాలె, ఒక్కనికి భయమయితే వెంట మేమొస్తం. ఫోనులో *#06# కొడితే వచ్చే నంబరు కాయితం మీద రాసి పెట్టెలో పెట్టుకోవాలె, ఫోను పోతే ఫిర్యాదుకు అదే అక్కరకొస్తది. ఫిర్యాదు ఇయ్యడానికి పోయేటోనికి హిందీ, ఇంగ్లీషు వచ్చినోడు ఒకడు తోడు పోవాలె. బెట్టింగ్‌లో ముణిగినోన్ని నవ్వుకునుడు, దాచుడు కాదు, కూసుండబెట్టి మాట్లాడాలె. ఎవని ఫోటో గ్రూపులో పడొద్దు.

ఆఖరుకు ఒక్క మాట. పోయిన ఆదివారం మేము ముగ్గురం ఆ బంగ్లా పిలగాని రూముకు పోయినం. తప్పయిందని హిందీలో చెప్పినం. వాడు చాయ్ పోసిండు. కొట్టిన ముచ్చట ఎత్తలే, పైసలు అడగలే. ఒక్కటే అడిగిండు. "భాయ్, ఆ ఫోటో ఇంకా ఎవరి ఫోన్లో అన్న ఉంటే తీసెయ్యమని చెప్పండి. మా ఊరోళ్లు చూస్తే మా అమ్మ బయటికి పోలేదు."

వానికీ ఊరున్నది, అమ్మున్నది. ఆ ఫోటో మీ ఫోన్లో ఉంటే ఇప్పుడే తీసెయ్యండి. పోస్టు నచ్చితే షేర్ చేయండి, నచ్చకపోతే కింద తిట్టండి, జవాబు ఇస్తం. మీ రూములో ఎవడన్న కార్డు అడుగుతున్నడంటే మాత్రం మాకు మెసేజ్ పెట్టుడు కాదు, 901కు కొట్టండి.