వంద గజాల లోపల

మే 31 ప్రపంచ పొగాకు వ్యతిరేక దినం. ఆ రోజున మన బళ్లకు తాళాలు వేసి ఉంటాయి. వేసవి సెలవులు కదా! బళ్లు తెరిచిన రెండు వారాలకు జూన్ 26 వస్తుంది. అది మాదకద్రవ్యాల వ్యతిరేక దినం. ఇక ర్యాలీ తప్పదు. పిల్లలు అట్టముక్కలు పట్టుకుని, నినాదాలు చేస్తూ బజారంతా చుట్టి వస్తారు. సారు ఫొటో తీయిస్తారు. మర్నాడు జిల్లా పేజీలో అచ్చవుతుంది. ఆ ర్యాలీ పాన్‌డబ్బా ముందు నుంచే వెళ్తుంది. డబ్బాకు తోరణాల్లా వేలాడే పొట్లాలు మాత్రం అలాగే ఉంటాయి.

'అయినా చిన్నపిల్లలకు ఇవన్నీ ఎందుకండీ? కాలేజీకి వెళ్లాక చూసుకోవచ్చులే' అనే పెద్దలు ఎక్కువ. వారు ఒక లెక్క చూడాలి. 2019లో దేశవ్యాప్తంగా 13 నుంచి 15 ఏళ్ల విద్యార్థులపై పొగాకు సర్వే జరిగింది. అందులో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్లు తేలింది. 2009లో ఇది 14.6 శాతం. తగ్గింది, సంతోషమే. కానీ గుండె గుభేలుమనే మాట ఇంకొకటుంది. సిగరెట్ తాగే పిల్లల్లో 38 శాతం, బీడీ తాగేవారిలో 47 శాతం, నమిలే పొగాకు వాడేవారిలో 52 శాతం పదో పుట్టినరోజుకు ముందే మొదలుపెట్టారు. పదేళ్లంటే నాలుగో తరగతో, ఐదో తరగతో. అంటే మనం కాలేజీ గేటు దగ్గర కాపలా కాస్తుంటే, దొంగ ప్రాథమిక పాఠశాల గోడ దూకుతున్నాడన్నమాట.

ఆ వయసులో పొట్లం అందించేది తరచూ తోటివాడే. 'ఏరా, భయమా?' అన్న ఒక్క మాటకు అమ్మ చెప్పిన జాగ్రత్తలన్నీ ఎగిరిపోతాయి. ముల్లును ముల్లుతోనే తీయాలి. తోటివాడు పెట్టే ఒత్తిడికి విరుగుడు తోటివాడి మాటే.

ఇది ఊహ కాదు. ఢిల్లీ, చెన్నై నగరాల్లోని 32 పాఠశాలల్లో 2004 నుంచి 2006 వరకు 'మైత్రి' అనే కార్యక్రమం నడిచింది. మొదట్లో పరీక్షిస్తే ఎనిమిదో తరగతి వారికంటే ఆరో తరగతి పిల్లల్లోనే పొగాకు వాడకం ఎక్కువగా కనిపించింది. తర్వాత సగం బళ్లలో పిల్లల్లోంచే నాయకులను తయారుచేశారు. తరగతిలో ఆటలూ, చర్చలూ వారే నడిపారు. గోడల మీద పోస్టర్లు పెట్టారు. తల్లిదండ్రులకు పోస్టుకార్డులు వెళ్లాయి. రెండేళ్లు గడిచేసరికి ఈ కార్యక్రమం లేని బళ్లలో పొగాకు వాడకం 68 శాతం పెరిగింది. ఉన్న బళ్లలో 17 శాతం తగ్గింది.

మన ఊరి ప్రాథమిక పాఠశాలలో దీనికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ఐదో తరగతిలో నలుగురిని పిల్లలే ఎన్నుకోవాలి. వారానికి ఒక పావుగంట ఇవ్వాలి. 'ఒక్కసారి రుచి చూడరా' అని ఒకడంటే, 'నాకొద్దు. రా, కబడ్డీ ఆడదాం' అని ఇంకొకడు అనాలి. నాటకంలా పదిసార్లు అనిపించాలి. నోటికి అలవాటైన మాటే అవసరానికి వస్తుంది. ఎక్కాలు అలాగే కదా నేర్చుకున్నాం!

లెక్కల పీరియడ్‌లో టేపు పట్టుకుని బడి ప్రహరీ నుంచి వంద గజాలు కొలిపించండి. సుమారు 91 మీటర్లు. 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం ప్రకారం విద్యాసంస్థకు ఆ దూరం లోపల పొగాకు ఉత్పత్తులు అమ్మకూడదు. ఎక్కడెక్కడ కొట్లున్నాయో పిల్లలు పటం గీస్తే చాలు. దానితో అధికారుల దగ్గరికి వెళ్లాల్సింది హెడ్మాస్టరూ, తల్లిదండ్రులూ. పిల్లల్ని కొట్టువాడి మీదికి పంపకూడదు. గంజాయి లాంటి మాట వినిపిస్తే వారి పని పెద్దలకు చెప్పడం వరకే.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. నిజామాబాద్, సిరిసిల్ల ప్రాంతాల్లో అమ్మ చుట్టిన బీడీలతోనే పుస్తకాలు కొనుక్కునే పిల్లలున్నారు. ప్రకాశం జిల్లాలో నాన్న పండించే పంటే పొగాకు. ఆ పిల్లలు తలదించుకునేలా పాఠం చెప్పకూడదు. తప్పు అలవాటుది, అమ్మానాన్నలది కాదని ముందే చెప్పాలి.

ఇక ఇల్లు. 'కొట్టుకెళ్లి సిగరెట్ పెట్టె పట్రా. మిగిలిన చిల్లరతో చాక్లెట్ కొనుక్కో' అని పిల్లాణ్ని పంపే నాన్నలు ఇంకా ఉన్నారు. పద్దెనిమిదేళ్లు నిండనివారికి పొగాకు అమ్మడం నేరం. ఎవరి కోసం కొంటున్నాడన్నది చట్టం చూడదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లలకు పొగాకు ఇచ్చినవారికి ఏడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. చట్టం సంగతి అలా ఉంచండి. పెట్టె తేవడానికి వెళ్లే పిల్లాడికి ఆ బ్రాండు పేరు, ధర, కొట్టువాడు ముగ్గురూ చుట్టాలైపోతారు.

బడిలో 'వద్దు' అనడం నేర్చుకున్న పిల్ల ఒకరోజు ఇంటికొచ్చి 'నాన్నా, నువ్వూ మానెయ్యవా?' అని అడుగుతుంది. కసురుకోకండి. నవ్వి తప్పించుకోకండి. 1800-11-2356 అనే ఉచిత నంబరుకు ఫోన్ చేస్తే మానడానికి సలహాలు చెబుతారు. ఆ నంబరును పిల్ల చేతనే గోడ క్యాలెండరు మీద రాయించండి. చేసేది మీరే, గుర్తుచేసేది తను. అంతకు మించిన లీడరు మీకెక్కడా దొరకదు.