కాలిపర్లు తొడిగితే నడిచినట్లేనా?

వెన్నుపాము దెబ్బతిని రెండు కాళ్లూ చచ్చుబడిన రోగిని ఇంటికి పంపేటప్పుడు, ఇంటివారు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: "మళ్లీ నడుస్తాడా, డాక్టరు గారూ?" ఉద్యోగంలో ఉన్నంతకాలం "కాలిపర్లతో నడవవచ్చు" అని చెబుతూ వచ్చాను. అది అబద్ధం కాదు, అయితే సగం నిజమే.

తాటిచెట్టు మీదనుంచి పడిన ఒక గీత కార్మికుడు నాకు ఇప్పటికీ గుర్తు. తొడ కండరాలలో బలం లేనందున తొడ నుంచి పాదం దాకా ఉండే, మోకాలి వద్ద లాక్ పడే కాలిపర్లు రాశాను. ఫిజియోథెరపీ గదిలో కడ్డీలు పట్టుకొని నడిచాడు, పిమ్మట చంకకర్రలతో నడిచాడు. అందరం సంతోషించాము. ఏడాదికి తిరిగి వచ్చేసరికి పిరుదు మీద ఎముక కనిపించేంత పుండు. కాలిపర్లు గోడకు వేలాడుతున్నాయట. చక్రాల కుర్చీ ఎక్కితే ఇక లేవడని తల్లి దానిని కొననివ్వలేదట. ఏడాదంతా మంచమే. ఆ ఇంటి గడప ఎంత ఎత్తో, మరుగుదొడ్డి ఎంత దూరమో నేను అడగనైనా లేదు.

అతని సోమరితనం కాదది. రెండు కాళ్లకూ పొడవాటి కాలిపర్లు ఉన్నప్పుడు కాళ్లు నడవవు, చేతులు నడుస్తాయి. చంకకర్రల మీద దేహభారమంతా ఎత్తి ముందుకు ఊపాలి. మామూలు నడకకన్నా దీనికి ఎన్నో రెట్లు శక్తి ఖర్చవుతుంది, వేగమూ తక్కువే. దృఢమైన యువకులే విసిగి మానుకుంటారు. మోకాలిని నిటారుగా నిలిపే తొడ కండరాలు పనిచేస్తున్నవారి సంగతి వేరు. వారికి మోకాలి కింది వరకు ఉండే చిన్న కాలిపర్లు చాలవచ్చు, వారిలో చాలామంది ఊరంతా తిరగగలరు.

కాలిపర్లు వృథా అనను. రోజూ కొంతసేపు నిలబడటం, ఎదుటివారి కళ్లలోకి సమానంగా చూడగలగడం చిన్న విషయం కాదు. అయితే స్పర్శ లేని చర్మానికి రాపిడి తెలియదు. విప్పిన ప్రతిసారీ అద్దంతో చూసుకోవాలి. ఎరుపు అరగంటలో తగ్గకపోతే, వాటిని సరిచేయించేవరకు తొడగరాదు. పలుచబడిన ఎముక చిన్న పాటుకే విరగవచ్చు, నొప్పి కూడా తెలియకపోవచ్చు.

చక్రాల కుర్చీని ఓటమిగా తలచేవారికి వెల్లూరు వైద్యురాలు మేరీ వర్గీసు గారి జీవితం చెబుతుంటాను. 1954లో రోడ్డు ప్రమాదంలో ఆమె కాళ్లు చచ్చుబడ్డాయి. చక్రాల కుర్చీలో కూర్చొనే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు, తరువాత అక్కడి పునరావాస వైద్య విభాగానికి సారథ్యం వహించారు. 1972లో పద్మశ్రీ వరించింది.

ఆ గీత కార్మికుని పుండు మానడానికి నెలలు పట్టింది. రెండవసారి పంపేటప్పుడు అతని తల్లిని ఎదుట కూర్చోబెట్టుకొని చీటీ రాశాను. మొదటి వరుసలో చక్రాల కుర్చీ, తగిన కుషన్. రెండవ వరుసలో గడపకు ర్యాంపు. కాలిపర్లు చివరి వరుసలో, సాయంత్రం అరగంట.