పుత్రోత్సాహం ఎప్పుడు కలగాలి?

సుమతీ శతకం వినని తెలుగు విద్యార్థి ఉండడు. కొడుకు పుట్టగానే తండ్రికి కలిగేది నిజమైన సంతోషం కాదనీ, జనులు ఆ కొడుకును చూసి మెచ్చుకొన్న నాడే అది కలుగుతుందనీ శతకకారుడు చెప్పాడు. బిడ్డలను యోగ్యులుగా పెంచమని తల్లిదండ్రులను హెచ్చరించడమే ఆయన ఉద్దేశం. ఆ హెచ్చరికను నేను కాదనను. అయితే ఆ మాటను అక్షరాలా పట్టుకొని, లోకం పొగిడేదాకా తమ సంతోషాన్ని దాచుకొనే తల్లిదండ్రులు మన చుట్టూ ఎందరో ఉన్నారు. పిల్లల ఆటల విషయంలో ఈ ధోరణి మరీ స్పష్టంగా కనిపిస్తుంది. లోకం పొగడకముందే, బిడ్డ ఓడి వచ్చిన నాడు సైతం కలిగే సంతోషమే కన్నవారికి తగినదని నా అభిప్రాయం.

పలాస, టెక్కలి మొదలుకొని ఉద్దానం తీరం వరకు సాయంకాలం వేళ ఏ ఊరికి వెళ్ళినా పిల్లల ఆట కనబడుతుంది. కొబ్బరి తోటల నడుమ ఇసుక నేలపై గీత గీసి చెడుగుడు ఆడతారు. రెండు గుంజలకు వల కట్టి వాలీబాల్ ఆడతారు. సైన్యంలో చేరాలనే కోరికతో యువకులు తెల్లవారకముందే రోడ్ల వెంట పరుగులు తీస్తారు. మూత్రపిండాల వ్యాధి ఎన్నో కుటుంబాలను కుంగదీసిన ప్రాంతమిది. ఆ రోగుల కోసం 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రిని ప్రారంభించవలసి వచ్చింది. ఇటువంటి చోట ఆరోగ్యంతో పరుగెత్తే బిడ్డను చూడగలగడమే ఒక భాగ్యం. దానికి పతకం తోడు కావలసిన పని లేదు.

జీడి పరిశ్రమలో పగలంతా పిక్కలు ఒలిచి, జీడి అంటిన చేతులతో తల్లి ఇల్లు చేరుతుంది. మోకాలు చీరుకుపోయిన బిడ్డ ఎదురుగా నిలుస్తాడు. “నిన్ను ఎవరు ఆడమన్నారు?” అని ఆమె అడగవచ్చు. “ఈవేళ ఎలా ఆడావు?” అనీ అడగవచ్చు. రెండు మాటల వెనుకా ఉన్నది ప్రేమే. కాని మొదటి మాట విన్న బిడ్డ మరునాడు తన గాయాన్ని దాచుకొంటాడు. రెండవ మాట విన్నవాడు తన ఓటమిని కూడా ఇంట చెప్పుకోగలుగుతాడు.

పలాస నుండి రైలు మార్గాన దక్షిణానికి సాగితే ఆమదాలవలస వస్తుంది. దాని చేరువనే ఉన్న ఊసవానిపేట కరణం మల్లీశ్వరి స్వగ్రామం. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో, 69 కిలోల విభాగంలో, ఆమె మొత్తం 240 కిలోల బరువు ఎత్తి కాంస్య పతకం గెలుచుకొంది. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమెయే. ఆనాడు స్వర్ణం తెచ్చిపెట్టిన బరువు 242.5 కిలోలు. స్వర్ణం కోసం మల్లీశ్వరి తన చివరి ప్రయత్నంలో 137.5 కిలోలు ఎత్తబోయి విఫలురాలైంది. ఆ వైఫల్యం ఆమె కీర్తికి ఏ లోటూ చేయలేదు.

ఆ పతకం నాడు దేశమంతా ఆమెను పొగిడింది. అంతకుముందే, 1994, 1995 సంవత్సరాలలో, ఆమె ప్రపంచ విజేతగా నిలిచింది. కాని పన్నెండేళ్ళ ప్రాయంలో ఇనుప కడ్డీ ముందు తొలిసారి నిలిచినప్పుడు ఆమెను పొగడడానికి లోకం అక్కడ లేదు. ప్రోత్సహించిన తల్లి ఉంది. నేర్పిన గురువు నీలంశెట్టి అప్పన్న ఉన్నారు. జనుల మెప్పు వచ్చేదాకా ఆ తల్లి ఎదురుచూచి ఉంటే, జనులు మెచ్చుకొనే రోజే వచ్చి ఉండేది కాదు.

మహాభారతం ఆదిపర్వంలో రాకుమారుల అస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టం ఉంది. చూపులేని ధృతరాష్ట్రుడు సైతం ఆ రంగస్థలానికి వచ్చి, కుమారుల నేర్పును విదురుని నోట విని ఆనందించాడు. ఆ ప్రదర్శనలో కర్ణుని కులమేదని ప్రశ్నించారు. కన్నతల్లి కుంతి అక్కడే ఉండి కూడా లోకానికి వెరచి నోరు విప్పలేకపోయింది. అప్పుడు ముసలి సూతుడు అధిరథుడు కర్ర ఊతగా, వణుకుతూ, చెమటలు కక్కుతూ సభలోకి వచ్చాడు. కర్ణుడు విల్లు వదిలి ఆయనకు తల వంచాడు. లోకం ఏమనుకొంటుందో ఆలోచించక “కుమారా” అని పిలిచి కౌగిలించుకొన్నవాడు ఆ తండ్రి ఒక్కడే. పిల్లల ఆట చూడవచ్చే ప్రతి తండ్రికీ అధిరథుడు ఆదర్శం కావాలి.

“ఆటలు కూడు పెడతాయా?” అని అడిగే తండ్రిని నేను నిందించను. రెక్కాడితేగాని డొక్కాడని ఇంట చదువే తెరువు చూపుతుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకం న్యాయమైనదే. ఆడిన వారందరికీ పతకాలు రావు, ఉద్యోగాలు రావు. కాని రోజుకొక గంట ఆట చదువుకు శత్రువు కాదు. ఓడిపోయి మరునాడు మళ్ళీ బరిలో దిగడం ఏ పాఠమూ నేర్పనంత చక్కగా ఆట నేర్పుతుంది. పరీక్షలో తప్పినవాడికి కావలసిన ధైర్యమూ అదే.

శతకకారుడు చెప్పినది పుత్రోత్సాహం. పుత్రికల సంగతి కూడా ఆలోచించాలి. పదవ తరగతి దాటగానే ఆట మానిపించబడే ఆడపిల్లలు నేటికీ ఉన్నారు. విశాఖపట్నానికి చెందిన జ్యోతి యర్రాజీ తండ్రి కాపలాదారుగా, తల్లి ఇళ్ళలో పనిచేస్తూ ఆమెను పెంచారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌లో పాల్గొని, ఆ పోటీలో అడుగుపెట్టిన తొలి భారతీయ మహిళగా ఆమె నిలిచింది. సెమీఫైనల్స్‌కు చేరలేకపోయింది. అయినంత మాత్రాన ఆ తల్లిదండ్రుల గర్వం తగ్గవలసిన కారణమేమిటి?

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపాన తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. రైతులు మళ్ళీ మొక్కలు నాటారు. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుందని వారికి తెలుసు. కాపు లేదని ఎవరూ మొక్కకు నీరు ఆపలేదు. మొక్కపై చూపే ఆ ఓర్పును బిడ్డపైన కూడా చూపమని కన్నవారిని కోరుతున్నాను.

విద్యార్థులుగా మీరు చేయవలసినది కూడా కొంత ఉంది. గెలిచిన వార్తతో పాటు ఓడిన వార్తను కూడా ఇంట చెప్పండి. ఒక్కసారైనా అమ్మానాన్నలను మీ ఆట చూడడానికి పిలవండి. పని మాని వారు రాలేకపోతే, ఆ రాత్రి అన్నం తినేటప్పుడు ఆట ఎలా సాగిందో మీరే వివరించండి. రేపు మీరూ తల్లిదండ్రులవుతారు. మీ బిడ్డ తొలిసారి బరిలో దిగిన రోజున, గెలుపోటములు తేలకముందే, “బాగా ఆడావు” అనే మాట మీ నోట రావాలి.