వేలిముద్రల దొంగతనము



నేను ముప్పది యెనిమిది సంవత్సరములు ప్రభుత్వోద్యోగంలో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవాణ్ణి. అందులో చాలా భాగం రిజిస్ట్రేషను దస్తావేజుల మధ్యనే గడిచింది. రైతు ఎడమచేతి బొటనవ్రేలికి నల్లసిరా పూసి, కాగితం మీద ఒత్తించి, ప్రక్కన “ఇది ఫలానావారి నిశానీ” అని వ్రాయడం నా నిత్యకృత్యము. సంతకాన్ని ఎవడైనా పెట్టవచ్చు గాని, వ్రేలిగీతలను ఎవడూ కాజేయలేడని ఎందరో పల్లెవాసులకు నేనే ధైర్యం చెప్పియున్నాను. ఆ మాటను ఇప్పుడు ఉపసంహరించుకొనవలసి వచ్చినందుకే యీ లేఖ.

మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క వరుస, డెబ్బది రెండేండ్ల వితంతువు, మా ఊళ్లోనే ఉన్నది. కాలువ క్రింది రెండెకరాల మడి కొడుకుల పేర వ్రాసి, మిగిలిన కాస్త సొమ్మూ బాంకులో వేసుకొన్నది. ఒక గురువారం సాయంత్రం ఆమె ఖాతానుండి పదివేలు, శుక్రవారం పదివేలు, శనివారం పదివేలు, ఆదివారం ఎనిమిదివేల ఐదువందలు పోయినవి. ఆమె ఎవరికీ ఓటీపీ చెప్పలేదు. చెప్పడానికి ఓటీపీ రానేలేదు. ఏటీఎం కార్డు ఆమెకు లేదు. చేతిలోనిది మీటలు నొక్కే చిన్న ఫోను. నాలుగు సందేశాలూ ఇంగ్లీషులో వచ్చి అందులోనే పడియున్నవి. బుధవారంనాడు మనుమడు చూచి చెప్పేవరకు ఇంట్లో ఎవరికీ తెలియదు.

అక్క ఏడుస్తూ వచ్చి, “తమ్ముడా, నేను యాడా యేలు పెట్టలేదప్పా” అన్నది. ఇద్దరమూ బాంకుకు పోయినాము. అక్కడి కుర్రవాడు కంప్యూటరు చూచి, “అజ్జీ, మీరే వేలు పెట్టి తీసుకొన్నారు, ఆధారులో సరిపోయింది” అన్నాడు. ఆమెను అబద్ధాలకోరును చేసినట్లే గదా! అంతేగాక, ఆరు రోజులు ఆలస్యమైనది గనుక ఏమీ చేయలేమని కూడా అన్నాడు.

ఈ దొంగతనం జరిగే తీరు తెలుసుకొన్న తరువాత నాకు రెండు రాత్రులు నిద్రపట్టలేదు. పల్లెల్లో బాంకు లేనిచోట చిన్న యంత్రం పట్టుకొని సొమ్ము ఇచ్చే ఏజెంట్లు ఉన్నారు గదా. ఆ పద్ధతికి మూడే కావలెను: బాంకు పేరు, ఆధారు సంఖ్య, వేలిముద్ర. రహస్యపు అంకె అక్కరలేదు. చదువురాని వారికి మేలుచేయవలెనని పెట్టిన ఏర్పాటు, నిజంగానే మేలు చేస్తున్నది కూడా. కాని ఒక క్రయపత్రంలో ఏమేమి ఉంటవి? సిరాతో స్పష్టంగా ఒత్తిన ముద్ర. వెనుక జతపరచిన ఆధారు నకలు. దొంగకు కావలసిన రెండూ ఒకే కట్టలో దొరుకుతున్నవి. ముద్రను స్కాను చేసి పలుచని కాగితం మీద అచ్చు తీసి, రబ్బరు స్టాంపులు చేసే యంత్రంలో పెడితే కృత్రిమమైన వ్రేలితోలు తయారవుతుంది. నా చేతితో ఎంత శ్రద్ధగా, గీత చెదరకుండా ఒత్తించేవాణ్ణి! ఆ శ్రద్ధే దొంగకు ఉపకరించింది.

ఇది నా ఊహ కాదు. 2018 జూన్‌లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారిని హైదరాబాదు పోలీసులు పట్టుకొన్నారు. అతడు రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటునుండి భూమి దస్తావేజులు దింపుకొని, వాటిమీది ముద్రలతో రబ్బరు వేళ్లు చేసి, వేలకొలది సిమ్ములకు ప్రాణం పోసినాడని పోలీసులు ప్రకటించినారు. 2023లో మా కర్ణాటకలోనే, ఆస్తులు రిజిస్టరు చేయించుకొన్న బెంగళూరు వాసుల ఖాతాలనుండి ఈ విధంగానే సొమ్ము పోయినట్లు ఫిర్యాదులు వచ్చినవి. ఆ పిమ్మట ఇక్కడ నకళ్లలో వేలిముద్రలను మరుగుపరచే ఆలోచన బయలుదేరినది. మా అక్క ముద్ర ఎక్కడ పోయినదో నేను చెప్పలేను. కనుక ఏ ఆఫీసునూ దూషించను.

వేలిముద్రను ప్రభుత్వపు పనికి వాడడం మన దేశంలోనే మొదలైనదని చెప్పుకొంటాము. 1858లో బెంగాలులో హెర్షెలు దొర ఒక కంట్రాక్టరు అరచేతి ముద్రను ఒప్పందం మీద వేయించినాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం పెట్టినారు. ఇన్నేళ్లు దానిని నమ్మి బ్రతికినాము. రహస్యపు అంకె పోతే మార్చుకొనవచ్చు. వ్రేలు పోతే మరొక వ్రేలు పెట్టుకొనవచ్చు, పది మాత్రమే గదా!

ఇక ఉపాయము. ఆధారువారి వెబ్‌సైటులోగాని, ఎమ్ ఆధార్ అనే యాప్‌లోగాని “బయోమెట్రిక్ లాక్” అని ఒక తాళము ఉన్నది. రుసుము లేదు. ఆధారుతో జతపరచిన ఫోను నంబరు మాత్రం మనదై ఉండవలెను. తాళం వేసిన తరువాత రబ్బరు వ్రేలేమిటి, మన అసలు వ్రేలు కూడా పనిచేయదు. ఇందులోనే ఒక చిక్కు ఉన్నది. సలహాలు చెప్పేవారు దానిని దాటవేస్తున్నారు. రేషను అంగడిలో బియ్యానికి వ్రేలు పెట్టవలెను. తాళం సంగతి మరచిన ముసలమ్మ అక్కడ వ్రేలు ఒత్తి ఒత్తి, చివరకు బియ్యం లేకుండా ఇంటికి వస్తుంది. కాబట్టి రేషను రోజున తాళం తాత్కాలికంగా తీయవలెను. కొద్ది నిమిషాలకు అదే పడిపోతుంది. మా అక్కకు యీ పని మనుమడు చేసిపెడుతున్నాడు. నా పింఛను జీవిత ధృవీకరణకు నేనూ అట్లే చేసుకొంటున్నాను. ఈ బెడద వద్దనుకొనేవారు, ఆధారు ద్వారా సొమ్ము తీసే వసతిని తమ ఖాతాకు నిలిపివేయుమని బాంకును వ్రాతమూలకంగా అడిగి చూడవచ్చు. కొన్ని బాంకులు చేస్తున్నవి. నకలు ఇవ్వవలసిన చోట, ఒప్పుకొంటే, మొదటి ఎనిమిది అంకెలు మరుగుపరచిన ఆధారునే ఇవ్వవలెను.

సొమ్ము పోతే మొదట 1930 కు ఫోను చేయవలెను. ఆ వెంటనే బాంకుకు అర్జీ. నోటిమాట పనికిరాదు, రెండు ప్రతులు వ్రాసి, ఒకదానిమీద తేదీతో ముద్ర వేయించుకొనవలెను. గుమాస్తాగిరీ నాకు ఇక్కడ అక్కరకు వచ్చింది. 2017 జూలై 6న రిజర్వు బాంకు వెలువరించిన సర్క్యులరులో, ఖాతాదారు తప్పూ బాంకు తప్పూ లేకుండా సొమ్ము పోయినప్పుడు, సందేశం అందిన మూడు పనిదినాలలో తెలిపితే ఖాతాదారుకు నష్టం ఉండరాదని ఉండినది. సందేశం అందిన రోజును లెక్కించరాదని ఉండినది. ఖాతా ఉన్న శాఖ పనిచేసిన దినాలనే లెక్కించవలెనని కూడా ఉండినది. గురువారం పోయె. శుక్రవారం ఒకటి. రెండవ శనివారం, ఆదివారం సెలవు. సోమవారం పండుగ. మంగళవారం రెండు. బుధవారం మూడు. మేము పోయినది బుధవారమే! ఈ లెక్క అర్జీలో వ్రాసి, తప్పు ఖాతాదారుదని రుజువుచేసే భారం బాంకుమీదనే ఉన్నదని ఆ సర్క్యులరులోనే ఉన్న మాటను కూడా చేర్చినాను. నలువది రోజులకు సొమ్ము తిరిగి పడినది.

కాని ఇంట్లో ఒక ముసలి గుమాస్తా లేనివారి గతి ఏమి? మాది 1953లో మైసూరు వైపు నిలిచిన తాలూకా. అప్పటినుండి ఆఫీసు భాష కన్నడము, ఇంటి భాష తెలుగు. దానికి మాకు విచారం లేదు, రెండూ మావే. వచ్చే సందేశం మాత్రం ఇంగ్లీషు. “మీ ఖాతా ఆగిపోతుందమ్మా” అని ఫోను చేసే దొంగ మాత్రం ముచ్చటైన తెలుగులో మాట్లాడుతున్నాడు. దొంగకు మా భాష వచ్చును, బాంకుకు రాదు.

2023 ఫిబ్రవరిలో ఆధారువారు, యంత్రం మీద పెట్టినది ప్రాణమున్న వ్రేలా కాదా అని పరీక్షించే పద్ధతిని ప్రవేశపెట్టినారు. యీ ఏజెంట్లను బాగుగా విచారించిన పిమ్మటే నియమించవలెనని, మూడు నెలలు పనిచేయనివారిని మరల విచారించవలెనని రిజర్వు బాంకు 2025 జూన్‌లో ఆదేశించింది. అది 2026 జనవరి 1 నుండి అమలు. మంచిదే. వీటితోబాటు, ఖాతాదారు కోరిన భాషలో, తెలుగైనా కన్నడమైనా, సందేశం పంపవలెనని, ఆధారు ద్వారా తీసే వసతిని అడిగినవారికే తెరవవలెనని, అడగనివారికి మూసియుంచవలెనని బాంకుల అధికారులను మీ పత్రికా ముఖంగా కోరుచున్నాను. పాత దస్తావేజుల నకళ్లలోని వేలిముద్రలను కప్పివేసిన తరువాతనే బయటకు ఇవ్వవలెనని రిజిస్ట్రేషను శాఖలను, ఇటువైపువారినీ అటువైపువారినీ కూడా, ప్రార్థిస్తున్నాను. నేను ఒత్తించిన ముద్రలే వేలకొలది ఆ కట్టలలో ఉన్నవి.

తెక్కలకోట, బళ్లారి జిల్లా
— ఒక విశ్రాంత గుమాస్తా