కోసేసిన పన్నెండు నిమిషాలు

టీవీ కార్యక్రమాలను డిస్కుల్లో దాచిపెట్టే మిత్రులకు ఒక మాట చెప్పాలి. ఈ తప్పు అందరికంటే ముందు చేసింది నేనే కాబట్టి, చెప్పే బాధ్యత కూడా నాదే.

గృహహింస చట్టం 2006 అక్టోబరు 26న అమలులోకి వచ్చింది. ఆ రోజుల్లో దానిమీద వచ్చిన టీవీ చర్చలను మా సంఘం సమావేశాల్లో చూపించడానికి రికార్డు చేసేదాన్ని. ఇంట్లో హార్డ్ డిస్కు ఉన్న డీవీడీ రికార్డరు ఉండేది. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక రిమోటు పట్టుకుని కూర్చునేదాన్ని. ప్రకటన మొదలైన చోట ఒక గుర్తు, అయిపోయిన చోట ఒక గుర్తు పెట్టి, మధ్యదంతా చెరిపేసి, మిగిలినదాన్ని డిస్కులోకి ఎక్కించేదాన్ని. రెండు గంటల డిస్కులో ఒక్క సబ్బుబిళ్ళ కూడా కనబడదని గర్వపడేదాన్ని. వ్యాపార సంస్కృతిని గుమ్మం బయటే ఆపేశాననుకునేదాన్ని.

కొన్నేళ్ళ తర్వాత ఒక శిక్షణ తరగతిలో ఆ డిస్కు వేశాం. చూశాక ఒక అమ్మాయి అడిగింది: "భార్యను కొట్టే హక్కు ఎవరికీ లేదని ఇంతసేపు చెప్పారు కదక్కా, మరి మధ్యలో బ్రేకులో వచ్చిన భార్య ఏం చేస్తోంది? భర్త చొక్కా మరక చూసి భయపడుతోందా?"

నా దగ్గర జవాబు లేదు. దాన్ని నేనే చెరిపేశాను.

ప్రకటన కార్యక్రమానికి అడ్డం కాదు, అది కూడా కార్యక్రమమే. చర్చలో చట్టం మాట్లాడుతుంది, బ్రేకులో పితృస్వామ్యం మాట్లాడుతుంది. ఆ రెండూ ఒకే గంటలో, ఒకే ఇంట్లోకి వస్తాయి. ఒకటి ఉంచి రెండోది కోసేస్తే మనం దాచుకున్నది చరిత్ర కాదు, మనకు నచ్చిన ముక్క మాత్రమే.

1994 నాటి కేబుల్ టీవీ నిబంధనల్లో ప్రకటనల నియమావళి ఉంది. స్త్రీలను అణిగిమణిగి ఉండేవాళ్ళుగా, కుటుంబంలోనూ సమాజంలోనూ రెండో స్థానంలో ఉండాల్సినవాళ్ళుగా చూపకూడదని అది చెబుతోంది. గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు ఉండకూడదనీ అంటోంది. ఉల్లంఘన జరిగిందని మనం దేనితో నిరూపిస్తాం? ప్రసారం చేసినదాన్ని చానెళ్ళు 90 రోజులు దాచి ఉంచితే చాలు. ఆ తర్వాత దాన్ని కాపాడాల్సిన బాధ్యత ఎవరికీ లేదు. మిగిలేది ఇళ్ళలో మనం రికార్డు చేసుకున్నదే. దాన్ని కూడా మనమే కత్తిరిస్తున్నాం!

ఫెయిర్ అండ్ లవ్లీ ప్రకటన గుర్తుందా? కొడుకు ఉంటే బాగుండేదని తండ్రి వాపోతాడు. కూతురు క్రీము రాసుకుని తెల్లబడి ఉద్యోగం తెచ్చుకుంటుంది. 2002లో ఐద్వా దానిమీద ఫిర్యాదు చేసింది, 2003లో ఆ ప్రకటన ఆగింది. 2020లో కంపెనీ పేరులోంచి 'ఫెయిర్' అనే మాటే తీసేసింది. ఈ విజయాన్ని నేటి ఆడపిల్లలకు నోటితో చెబితే, ఇంత ఘోరంగా ఉండేదా అని అనుమానంగా చూస్తారు. చూపించాలంటే అది మన దగ్గర ఉండాలి.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మేరియన్ స్టోక్స్ అనే నల్లజాతి మహిళ ఉండేది. గ్రంథాలయంలో పనిచేసింది, పౌర హక్కుల కోసం పోరాడింది. 1970ల చివరినుంచి 2012లో చనిపోయేదాకా ఇంట్లో టీవీ వార్తలను రాత్రింబవళ్ళు రికార్డు చేసింది. సుమారు 70,000 క్యాసెట్లు! వార్తలతోపాటు ప్రకటనలనూ అలాగే ఉంచింది. బతికినన్నాళ్ళూ ఆమెది పిచ్చి అనుకున్నవాళ్ళున్నారు. ఇవాళ అది ఒక సమాజం తనను తాను చూసుకునే అద్దం.

"ప్రకటనలు చూడకపోవడమే మన నిరసన కదా" అని కొందరు మిత్రులు అంటారు. నిజమే. చాకిరీ మధ్య దొరికిన అరగంటను కంపెనీలకు ఎందుకివ్వాలి? చూసేటప్పుడు తప్పకుండా దాటవేయండి. కానీ చూడటం వేరు, దాచడం వేరు. మనల్ని అవమానించిన కాగితాన్ని చదవకపోవచ్చు, చించేస్తే మాత్రం లాభపడేది రాసినవాడే.

అందుకే ఇకనుంచి కోయకండి. డిస్కు కవరుమీద చానెల్, తేదీ, సమయం రాయండి. పాతబడిన డిస్కులు చదవడం మానేయకముందే ఇంకోచోటికి ఎక్కించండి. ప్రతి సంఘం ఏడాదికి ఒక్క సాయంత్రమైనా, ఒక్క చానెల్‌నైనా, ఉన్నదున్నట్టు దాచాలి.

నేను చెరిపేసిన నిమిషాలు ఇక తిరిగిరావు. మీ దగ్గరున్నవి మిగలనివ్వండి.